అక్క ముట్టుకోవద్దన్న ప్లగ్గు

“ఎర్ర గొడుగు బల్ల కింద…” అని బావ చదివాడో లేదో, కంప్యూటర్ గుటుక్కుమంది. ముందు తెర బిగుసుకుపోయింది. తర్వాత నీలంగా మారి ఏవో తెల్లటి అక్షరాలు కక్కింది. ఆపైన తనంతట తనే ఆగి, తనంతట తనే మళ్ళీ మొదలైంది. మొదలైతే మొదలైంది, పాస్‌వర్డ్ కొట్టమని అడుగుతూ కూర్చుంది. సరే కొడదామంటే కీబోర్డులో దీపం లేదు. మౌస్ ఎంత తిప్పినా బాణం కదలదు. బావ మూతి ముందు నిలబెట్టిన మైకు మీద ఎప్పుడూ వెలిగే చిన్న చుక్క కూడా ఆరిపోయింది. యూఎస్‌బీ తీగతో పెట్టెకి తగిలించిన ఏ వస్తువుకీ ఉలుకూ పలుకూ లేదు.

ఇంకో రోజైతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ మర్నాడు పొద్దున్నే బావని ఆసుపత్రిలో చేర్చాలి. గొంతులో పుట్టిన జబ్బు ముదరకముందే స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఇక రాదు అని మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆ ఆసుపత్రిలోనే మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ ఒక దారి చూపించింది. గొంతు ఉన్నప్పుడే బోలెడన్ని వాక్యాలు చదివి రికార్డు చేసి పెట్టుకుంటే, రేపు ఆయన టైపు చేసిన మాటని యంత్రం ఆయన గొంతుతోనే పలుకుతుందట. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అదే మైకు, అదే గది ఉండాలని, ఫోన్లో చదివినవి వీటితో అతకవని గట్టిగా చెప్పి, మైకు కూడా ఆవిడే ఇచ్చింది. చదివినవన్నీ ఈ పెట్టెలోనే ఉన్నాయి. చివరివి కాసిని మిగిలాయి. అవి పూర్తయితే తప్ప గొంతు తయారు కాదు. సాయంత్రం దాటితే బావ గొంతు బొంగురుపోయి పనికిరాదు కాబట్టి, ఉన్నదల్లా ఈ పూటే.

బావ డ్రైవింగ్ నేర్పుతాడు. వాళ్ళ పేటలో కారు నడిపేవాళ్ళలో సగంమంది ఆయన తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. బ్రేకు నీ కాలి కిందే ఉంది నాయనా, ఎదుటివాడి కాలి కింద కాదు అని ఆయన కేకేస్తే, పక్క సందులో వెళ్ళేవాళ్ళు కూడా బ్రేకు వేసేవాళ్ళు. అలాంటి మనిషి ఈ రికార్డింగుకి ఓ పట్టాన ఒప్పుకోలేదు. గొంతు పోతే పోయింది, స్టీరింగు తిప్పడానికి చేతులున్నాయిగా అన్నాడు. కూతురు ఫోన్లోనే కాళ్ళావేళ్ళా పడితే తప్ప మైకు ముందుకి రాలేదు. వచ్చాకైనా ఊరుకున్నాడా అంటే, ప్రతి వాక్యానికీ ఒక వంక. ఆ ఎర్ర గొడుగు ఎవరిది, బల్ల కింద ఎవడు పెట్టాడు, “దయచేసి కిటికీ మూయండి” అని ఈ ఇంట్లో ఎవరు ఎవరితో అన్నారు పుట్టి బుద్ధెరిగాక, అని.

దగ్గరుండి ఇదంతా నడిపిస్తున్నది చిన్నోడు. చిన్నోడంటే అక్కకి తమ్ముడు, బావకి బావమరిది. జుట్టు సగం నెరిసింది, మోటార్లకి తీగ చుట్టే సొంత షాపుంది, అయినా ఆ ఇంట్లో చిన్నోడే. కాలిపోయిన పంపు మోటారుని విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, గిర్రున తిప్పి చూపిస్తాడు గానీ కంప్యూటర్ జోలికి ఏనాడూ పోలేదు. మేనకోడలు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది, తెల్లారితే గానీ రాలేదు. అందుకని బటన్లు నొక్కే పని వాడి మెడకి చుట్టుకుంది. షాపుకి తాళం వేసి మరీ వచ్చి కూర్చుంటున్నాడు. పైకి విసుక్కుంటాడు గానీ, చెప్పొద్దూ, బావ గొంతంటే వాడికి ప్రాణం. వాడికి స్కూటరు నేర్పింది ఆ గొంతు. షాపు అద్దెకివ్వనన్న ఇంటివాడిని దబాయించి ఒప్పించింది ఆ గొంతు. రేపట్నుంచి అది వినపడదన్న సంగతి గుర్తొస్తే వాడికి అన్నం సయించడం లేదు.

ఇక అక్క సంగతి. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. బావ చదువుతున్నంతసేపూ మైకులో చప్పుడు పడుతుందని కుట్టు మిషను ఆపేసేది. ఆపి వేరే పని చూసుకునేదా అంటే, లేదు. చేతిలో బట్ట పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి వినేది. గొడుగు గురించీ కిటికీ గురించీ మొగుడు చదువుతుంటే, పాట వింటున్నట్టు వినేది. గొంతు దాచుకోవాలన్న ఆలోచన డాక్టరమ్మదే అయినా, ఆ గొంతు లేకపోతే ఈ ఇంట్లో ఎలా ఉండడమన్న బెంగంతా అక్కదే. ఒక్క ముక్క కూడా బయటికి అనలేదు. ఏడుపూ లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి పురమాయిస్తూ, కస్సుబుస్సుమంటూ తిరిగేది.

కంప్యూటర్ మొండికేసిందనగానే చిన్నోడు తనకి తెలిసిన వైద్యమంతా చేశాడు. కీబోర్డు తీగ పీకి, మొనలో ఉఫ్ఫున ఊది, మళ్ళీ దూర్చాడు. ముందు కన్నంలోది తీసి వెనక కన్నంలో పెట్టాడు. మైకు తీగ తిప్పి తిప్పి చూశాడు. వీధి చివర జిరాక్స్ షాపుకి పరుగెత్తి ఇంకో మౌస్ అడిగి తెచ్చాడు. జిరాక్స్ షాపులో బంగారంలా పనిచేసిన మౌస్ ఇక్కడికొచ్చి చచ్చిపోయింది. సామాన్లలో తప్పు లేదు, పెట్టెలోనే ఉంది అని అంతటితో తేలిపోయింది. ఆపి వెలిగిస్తే అదే తెర, అదే పాస్‌వర్డ్ గడి. కొట్టడానికేమో చెయ్యి లేదు.

బావ కుర్చీలో వెనక్కి వాలి, దీనికీ నాతోపాటు ఆపరేషన్ చేయించండి, ఇద్దరికీ ఒకే గదిలో మంచాలు వేస్తారు అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. మాట్లాడి గొంతు అరగదీసుకోవద్దని అక్క కస్సుమంది. చిన్నోడికి మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ చదివించినదంతా ఆ గడి వెనక ఉండిపోయింది, అది తెరుచుకోకపోతే తను అక్క మొహం ఎలా చూడాలో వాడికి తెలియలేదు.

మేనకోడలికి ఫోన్ చేస్తే ఆ పిల్ల చేస్తున్న పని వదిలేసి పక్కకి వచ్చింది. ఓపిగ్గా చెప్పింది. కంప్యూటర్ పడిపోయినప్పుడు యూఎస్‌బీ చూసుకునే భాగం ఆ బిగుసుకుపోవడంలోనే ఉండిపోతుందట. ఊరికే ఆపి వెలిగిస్తే దానికి తెలివి రాదట. గోడ ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. తగిలించినవన్నీ తీసేయాలి. ఆ తర్వాత పవర్ బటన్ నొక్కి అలాగే కాసేపు పట్టుకుంటే, లోపల దాగిన కరెంటు చివరి బొట్టు దాకా పోతుంది. అప్పుడు పెడితే మళ్ళీ మొదటినుంచి లేస్తుంది. చిన్నోడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. వేలు నొప్పెట్టేదాకా నొక్కి పట్టుకున్నాడు. అన్నీ తగిలించి వెలిగించాడు. కీబోర్డు చీకటిగానే ఉంది.

“మావయ్యా, అన్నీ తీశావా?” అని అడిగింది మేనకోడలు.

“అన్నీ తీశానే తల్లీ.”

మళ్ళీ చేయమంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

ఇక్కడ ఆ ఇంటి సంగతొకటి చెప్పాలి. బావ గొంతు ఎండిపోకూడదని, గాలిలోకి తేమ వదిలే చిన్న తెల్లటి యంత్రం ఒకటి తెచ్చారు. ఇంట్లో అందరూ దాన్ని పొగకుండ అంటారు. బావ మొహం పక్కనే ఉండి రాత్రీ పగలూ సన్నగా పొగ వదులుతుంటుంది. కంప్యూటర్ బల్ల మీద ఒక నల్లటి డబ్బా ఉంది, యూఎస్‌బీ హబ్. దాని తీగ ఒకటి కంప్యూటర్‌లోకి, ఇంకొకటి గోడ ప్లగ్గులోకి పోతుంది. పొగకుండ ఆ డబ్బాకే తగిలించి ఉంటుంది, ఆ రెండు తీగల్లో ఏది ఊడినా పొగ ఆగిపోతుంది. ఒకసారి బావ శిష్యుడొకడు చూడ్డానికొచ్చి, తన ఫోను చార్జింగు పెట్టుకోవడానికి ఆ ప్లగ్గు పీకాడు. మళ్ళీ పెట్టడం మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బావకి దగ్గు తెరలు తెరలుగా వచ్చి, మర్నాడంతా గొంతు పెగల్లేదు. అక్క ఆ శిష్యుడిని ఫోన్లోనే ఉతికి ఆరేసింది. తర్వాత దెబ్బలకి వేసే ప్లాస్టరు తెచ్చి, ఆ ప్లగ్గుని గోడకి అతికించి, దాని మీద పెన్నుతో “ముట్టుకోవద్దు” అని రాసింది.

కాబట్టి ఆ ఇంట్లో అన్నీ తీసేయమంటే, అక్క ముట్టుకోవద్దన్నది కాక మిగతావన్నీ అని. అది ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చిన్నోడు ఒక్కసారి హబ్ తీగని కంప్యూటర్ వైపు కాస్త లాగి చూశాడు. టక్కున పొగకుండ ఆగింది. బావ దగ్గలేదు, ఏం లేదు, కానీ పక్కగదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. వాడు గబుక్కున తీగ మళ్ళీ దూర్చేశాడు. ఆ తర్వాత దాని సంగతే వాడి బుర్రలోంచి పోయింది. మేనకోడలితో అబద్ధమాడాలని ఆడలేదు పాపం, వాడి లెక్కలో నిజంగానే అన్నీ తీశాడు.

అటు ఫోన్లో మేనకోడలు మాట్లాడటం మానేసింది. ఏడుస్తోందని చిన్నోడికి తెలుస్తూనే ఉంది. నువ్వు దిగులుపడకు, నేనున్నానుగా అని ఫోను పెట్టేశాడు. ఉండి ఏం చేయాలో మాత్రం తోచలేదు. చేతులు ఊరికే పెట్టుకోలేక, ప్లగ్గూ తక్కిన తీగలూ మళ్ళీ పీకేసి, చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పెట్టె పక్కరేకు విప్పాడు. విప్పినంత మాత్రాన తనకి తెలిసేదేం లేదని వాడికీ తెలుసు. షాపులో ఏం తోచనప్పుడు మోటారు మూత విప్పి చూస్తాడు, ఇక్కడా అదే చేశాడు.

లోపల దుమ్ము. దుమ్ము కింద పచ్చటి పలక. ఆ పలక మూల చిన్న దీపం ఒకటి మినుకుమినుకుమంటోంది.

చిన్నోడు ఆ దీపాన్ని చూశాడు. తర్వాత తన ఒళ్ళో పడున్న కంప్యూటర్ ప్లగ్గుని చూశాడు. ప్లగ్గు ఇక్కడుంటే దీపం అక్కడెందుకు వెలుగుతోంది? షాపులో పనివాళ్ళు ఇలాంటి చోట చెయ్యి పెట్టబోతే వాడు ఒంటికాలి మీద లేస్తాడు. ఇటు తీసేసినా లోపల కరెంటుందంటే అటునుంచి ఎక్కడినుంచో ఎక్కుతోందన్నమాట. వాడు పెట్టె వెనక్కి వంగి ఒక్కో తీగనీ వేలితో తడుముకుంటూ వెళ్ళాడు. మిగిలింది ఒక్కటే తీగ. అది నల్ల డబ్బాలోకి పోయింది. నల్ల డబ్బాలోంచి గోడకి పోయింది. గోడ మీద ప్లాస్టరు, ప్లాస్టరు మీద అక్క దస్తూరీ.

గోడ కరెంటు హబ్‌లోకి వచ్చి, అక్కణ్ణించి కంప్యూటర్‌లోకి వెనకనుంచి ఎక్కుతోంది. ఎన్నిసార్లు బటన్ నొక్కి ఏం లాభం, ఒకవైపు పోస్తూ ఇంకోవైపు తోడుతున్నారు. బావ గొంతు ఎండకూడదని పెట్టిన ప్లగ్గే బావ గొంతుని పెట్టెలో బంధించి కూర్చుంది.

“అక్కా,” అన్నాడు. అక్క గుమ్మంలోకి వచ్చింది. “పొగకుండ కాసేపు ఆపాలి.”

వాడు విషయం చెప్పాడు, దీపం చూపించాడు, తీగ చూపించాడు. ఎంతసేపు అని అడిగింది అక్క. తెలీదు, ఆ దీపం ఆరేదాకా అన్నాడు. అక్క బావ వైపు చూసింది. బావ భుజాలెగరేసి, తీసేయమన్నట్టు చెయ్యి ఊపాడు. అక్క వంటింట్లోకి వెళ్ళి తువ్వాలు తడిపి పిండి తెచ్చింది. దాన్ని బావ ముక్కూ నోరూ మూసేలా పెట్టి, దీనిలోంచే గాలి పీల్చండి, మాట్లాడితే చంపేస్తాను అంది. తర్వాత వెళ్ళి గోళ్ళతో ప్లాస్టరు ఊడదీసింది. ప్లగ్గు తనే పీకింది.

పొగ ఆగింది. చిన్నోడు బటన్ నొక్కి పట్టుకున్నాడు. దీపం వెంటనే ఆరలేదు, మొండిది. నీరసపడుతూ నీరసపడుతూ, ఆరిందా లేదా అని ముగ్గురూ మెడలు చాచి చూస్తుండగా పూర్తిగా నల్లబడింది. బావ తువ్వాలు వెనక ఒకసారి దగ్గాడు. అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి తీయలేదు.

చిన్నోడు పెట్టె ప్లగ్గు పెట్టి, కీబోర్డు, మౌస్, మైకు తగిలించి, ఊపిరి బిగబట్టి వెలిగించాడు. ముందు కీబోర్డు మూల దీపాలు మెరిశాయి. తర్వాత మౌస్ పొట్ట కింద ఎర్రగా వెలిగింది. చివరికి మైకు మీద చుక్క వచ్చింది. చిన్నోడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. హబ్‌ని పెట్టె జోలికి రానివ్వకుండా, అప్పటికి గుర్తొచ్చి, పొగకుండని తన ఫోను చార్జర్‌కి తగిలించాడు. అది మళ్ళీ పొగ వదిలింది.

“ఇంత తేలికైతే ముందే అడగొచ్చుగా,” అంది అక్క.

“నువ్వు ముట్టుకోవద్దన్నావుగా.”

“ఈయన కోసం వద్దన్నాను. ఈయన కోసమే అయితే వద్దంటానా?”

చిన్నోడు కీబోర్డు ముందుకి జరుపుకున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. చదివినవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మేనకోడలికి ఆ ముక్క చెబితే, ఆ పిల్ల ఆఫీసులో ఉన్నానన్న సంగతి మర్చిపోయి ఏడ్చేసింది.

ఎర్ర గొడుగుతో మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి బావ వంకలు పెట్టలేదు. ఒక్కో వాక్యానికీ ఆగి, ఒక గుటక నీళ్ళు తాగి, బస్సు ఎన్నింటికని, వాన వస్తుందేమోనని, తలుపు దగ్గర ఎవరని బుద్ధిగా చదువుకుంటూ పోయాడు. గొంతు అరుగుతోంది, అందరికీ తెలుస్తోంది. కిటికీలో ఎండ పసుపుగా మారేసరికి వాక్యాలు అయిపోయాయి. చిన్నోడు హమ్మయ్య అనుకుంటుండగా తెర మీద ఇంకొకటి వచ్చింది. చివరగా, మామూలుగా మీరు నవ్వే నవ్వు నవ్వండి అని ఉంది.

ఆపరేషన్ తర్వాత నవ్వుకీ చప్పుడుండదని డాక్టరమ్మ అప్పుడెప్పుడో చెప్పింది. అప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. చిన్నోడు బటన్ నొక్కాడు. బావ మైకులోకి హహహ అన్నాడు. అది నవ్వు కాదు, పేపరు చదివినట్టుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి ఇంకా ఘోరం. చిన్నోడు తనకొచ్చిన జోకులన్నీ చెప్పాడు, ఒక్కటీ పేలలేదు. బావ చేతులెత్తేశాడు, అడిగితే వచ్చేదా నవ్వు అని.

“ఒక్కసారి నవ్వండి,” అంది అక్క. గద్దిస్తున్నట్టే మొదలుపెట్టింది. “పొద్దస్తమానం నన్ను చూసి నవ్వుతారే, నా వంట చూసి, నా కోపం చూసి. ఇప్పుడు… ఇప్పుడు ఒక్కసారి…” ఇన్నాళ్ళు కస్సుబుస్సులతో నెట్టుకొచ్చిన మనిషి, బావ కుర్చీ చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నోడు రికార్డింగు ఆపడం మర్చిపోయాడు. మైకు మీద చుక్క వెలుగుతూనే ఉంది.

బావ వంగి అక్క తల మీద చెయ్యి పెట్టాడు. “ఏడవకే పిచ్చిదానా. గొంతే పోతోంది. నేను పోవట్లేదు.”

అక్క ముక్కు చీది, కోపంగా తలెత్తింది. “పోతానంటే పంపించడానికి నాకు తీరికెక్కడుంది? అవతల జాకెట్లు కుప్ప పడున్నాయి.”

బావ నవ్వాడు. ఆ నవ్వు మీద ఆయనకేం అదుపు లేదు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత పొట్టలోంచి వచ్చింది. గీరుకుపోయి, మధ్యలో దగ్గు తగిలి, మళ్ళీ అందుకుని గదంతా నిండింది. ఏడుస్తున్న అక్క కూడా ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు సద్దుమణిగాక గానీ చిన్నోడు రికార్డింగు ఆపలేదు.

తెర మీద ఎర్రగా ఒక పట్టీ వచ్చింది. ఇందులో వేరే వాళ్ళ గొంతు కలిసింది, పనికిరాదు, తొలగించి మళ్ళీ రికార్డు చేయండి అంటోంది. కింద రెండు గళ్ళున్నాయి, తొలగించు అని ఒకటి, ఉంచు అని ఒకటి. చిన్నోడు కళ్ళు తుడుచుకుని, గురి తప్పకుండా చూసుకుని, ఉంచు మీద నొక్కాడు.

పడిందా అని బావ సైగ చేశాడు. గొంతు అప్పటికే లేవడం లేదు. మిషను పనికిరాదంటోంది బావా, దానికేం తెలుసు, పడింది అన్నాడు చిన్నోడు. అన్ని రోజుల్లో తను చదివిన ఒక్క వాక్యాన్నీ తిరిగి వినని మనిషి, వినిపించు అన్నట్టు వేలు చూపించాడు. చిన్నోడు వినిపించాడు. అక్క ఏడుపు, బావ మాట, జాకెట్ల కుప్ప, నవ్వు, ఆ నవ్వులో కలిసిన అక్క నవ్వు. ముగ్గురూ కదలకుండా విన్నారు.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకోసారి పెట్టరా అంది. చిన్నోడు మళ్ళీ పెట్టాడు.